చిన్నపిల్లలతో జియోక్యాషింగ్: ముందు డబ్బా, తర్వాతే జారుడు బండ

మా పాపకి నాలుగేళ్లు. తనని వెంటబెట్టుకుని జియోక్యాషింగ్‌కి, అంటే ఫోన్ జీపీఎస్‌తో దాచిన డబ్బాలు వెతికే ఆటకి, తిరగడం మొదలుపెట్టాక యాప్ మీద, డబ్బాల మీద, వాటి దగ్గర్లో ఉండే పిల్లల పార్కుల మీద నాకు గట్టి అభిప్రాయాలే ఏర్పడ్డాయి. ఈ వయసు పిల్లలకి ఇది చాలా మంచి ఆట. కాకపోతే ఉయ్యాలలు, జారుడు బండ నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉన్న డబ్బాలనే ఎంచుకోవాలి, మిగతావి పిల్లలు పెద్దయ్యేదాకా వదిలెయ్యాలి. యాప్ పెద్దవాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసింది, అందులోంచి పిల్లలకి సరిపడేవి ఏరుకునే పని మనదే.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. ఎవరో ఒక చోట ఒక డబ్బా దాచిపెడతారు, దాన్ని క్యాష్ అంటారు. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు జియోక్యాషింగ్ వెబ్‌సైట్లో పెడతారు. మనం ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ వెళ్లి వెతకాలి, దొరికితే లోపలున్న కాగితం మీద పేరు, తేదీ రాసి, డబ్బాని ఉన్నచోటే ఉన్నట్టుగా పెట్టేసి, తర్వాత ఆ సైట్ యాప్‌లో దొరికిందని నమోదు చెయ్యాలి. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి 30 లక్షలకి పైనే ఉన్నాయి, అంటే మీరు రోజూ నడిచే దారిలో కూడా ఒకటి ఉండే అవకాశం ఉంది.

దీని పుట్టుక కథ నాకు చాలా ఇష్టం, పాపకి కూడా పడుకునేముందు చెప్తుంటాను. 2000 మే నెల వరకూ అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే జీపీఎస్ సిగ్నల్‌ని కావాలనే కొంచెం పాడుచేసి పంపేది, అందుకే చూపించే చోటుకీ అసలు చోటుకీ 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. మే 2న దాన్ని ఆపేశారు. మర్నాడే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల బకెట్ దాచి, అదెక్కడుందో ఇంటర్నెట్లో పెట్టాడు. అందులో పుస్తకాలు, వీడియోలు, కొంచెం డబ్బు, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా కూడా ఉన్నాయి. ఇప్పుడైతే తినేవేవీ పెట్టకూడదు, వాసనకి జంతువులు వచ్చి డబ్బా కొరికేస్తాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో జెరెమీ ఐరిష్ వెబ్‌సైట్ మొదలుపెట్టాడు, అక్కణ్ణుంచి ఆట ప్రపంచమంతా పాకింది.

ఇక అసలు విషయానికి వస్తే, పిల్లలతో వెళ్లేటప్పుడు అన్నిటికంటే ముందు చూడాల్సింది డబ్బా సైజు. దూరం, ఫొటోలు, పేరు, ఇవన్నీ తర్వాత. మైక్రో అంటే 100 మిల్లీలీటర్ల కంటే చిన్నది, పాతకాలం కెమెరా రీలు డబ్బా అంత. అందులో చుట్టిన కాగితం తప్ప ఏమీ పట్టదు. నానో అని ఇంకా చిన్నవి ఉంటాయి, వేలి కొనంత, ఇనుప రెయిలింగ్‌కి అయస్కాంతంతో అతుక్కుని ఉంటాయి. పెద్దవాళ్లకి అలాంటిది దొరికితే గొప్పగా అనిపిస్తుందేమో గానీ, నాలుగేళ్ల పిల్ల అంతసేపు వెతికి, మూత తీసి, లోపల కాగితం ముక్క చూస్తే ముఖం ఎలా పెడుతుందో మీకు చెప్పనక్కర్లేదు. 100 మిల్లీలీటర్ల నుంచి లీటరు దాకా పట్టేది స్మాల్, లీటరు నుంచి 20 లీటర్ల దాకా పట్టేది రెగ్యులర్. పిల్లల ఆటంతా ఈ రెండిట్లోనే ఉంది, ఎందుకంటే బొమ్మలు పట్టేది వీటిల్లోనే. మీ దగ్గర్లో రెగ్యులర్ ఒకటి ఉంటే కొంచెం దూరమైనా మొదటిసారి దానికే తీసుకెళ్లండి. మొదటి డబ్బాలో బొమ్మ దొరికిన పిల్లలు తర్వాత రమ్మంటే వస్తారు.

తర్వాత నక్షత్రాలు. ప్రతి డబ్బాకీ రెండు రకాల మార్కులుంటాయి, వెతకడం ఎంత కష్టం అనేది ఒకటి, అక్కడికి చేరడం ఎంత కష్టం అనేది ఇంకొకటి, రెండూ 1 నుంచి 5 వరకూ, మధ్యలో ఒకటిన్నర, రెండున్నర లాంటివి కూడా ఉంటాయి. చేరే కష్టం 1 అంటే చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు కూడా వెళ్లగలిగే చోటు, కాబట్టి స్ట్రోలర్‌కీ, అంటే పిల్లల్ని తోసుకెళ్లే బండికీ, బాగుంటుంది. 5 అంటే తాళ్లో పడవో లాంటి ప్రత్యేక సామాను కావాలి. రెండూ ఒకటి, ఒకటిన్నర దాటకుండా చూసుకుంటే చిన్నపిల్లలతో హాయిగా ఉంటుంది. అయితే ఈ మార్కుల్లో కనిపించనివి కొన్ని ఉన్నాయి. డబ్బా పెద్దవాళ్ల కంటికి అందే ఎత్తులో కొమ్మ మీద ఉందా, నేల మీద ఉందా అనేది తెలీదు, పక్కన వాహనాలు జోరుగా పోయే రోడ్డుందా అనేది తెలీదు. అందుకని నేను డబ్బా పేజీలో పాత లాగ్‌లు, అంటే ముందు వెళ్లినవాళ్లు రాసినవి, తప్పకుండా చదువుతాను. 'మా అబ్బాయి చూశాడు ముందు' అని ఎవరైనా రాశారంటే అది కచ్చితంగా కింద ఉన్నట్టే. వరసగా నలుగురు దొరకలేదని రాసి ఉంటే అటు వెళ్లను, డబ్బా పోయుంటుంది. పేజీలో చిన్న చిన్న గుర్తులు కూడా ఉంటాయి, పిల్లలకి బాగుంటుంది, గంటలోపు అయిపోతుంది, స్ట్రోలర్ వెళ్తుంది, ముళ్లున్నాయి, టాయిలెట్ దగ్గర్లో ఉంది, ఇలాంటివి. చిన్నపిల్లలున్నవాళ్లకి ఆ చివరిది ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు కదా.

పార్కు దగ్గర డబ్బా అనుకున్నాం, మరి ముందు ఏది? ముందు డబ్బానే. దీంట్లో నాకు రెండో ఆలోచన లేదు. ఉయ్యాల ఒకసారి ఎక్కాక అక్కణ్ణుంచి దింపి, 'రా, చెట్టు కింద వెతుకుదాం' అంటే ఏ పిల్లా రాదు, వచ్చినా ఏడుస్తూ వస్తుంది. అదే డబ్బా అయ్యాక పార్కు అంటే కాళ్లకి కొత్త ఓపికొస్తుంది, దొరికిన బొమ్మని కూడా జారుడు బండ మీద కూర్చోబెట్టి జారించొచ్చు. డబ్బా దొరకని రోజు కూడా పార్కు ఎలాగూ ఉంది కాబట్టి పిల్ల ఉసూరుమంటూ ఇంటికి రాదు, నాకు ఈ జంట నచ్చడానికి పెద్ద కారణం ఇదే. అందుకే పార్కు కనపడని వైపు నుంచి నడక మొదలుపెట్టేలా దారి చూసుకుంటాను. ఇంకో మంచి విషయం ఉంది, ఒంటరిగా ఉన్న పెద్దమనిషి పొదల్లోకి తొంగిచూస్తుంటే జనం అనుమానంగా చూస్తారు, పక్కన చిన్నపిల్ల వంగి వెతుకుతుంటే ఎవరూ పట్టించుకోరు, నవ్వి వెళ్లిపోతారు.

వెతికేటప్పుడు ఫోన్ విషయంలో ఒక మాట. ఆకాశం బాగా కనిపించేచోట ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్ల తేడాతో సరిగ్గానే చూపిస్తుంది గానీ దట్టమైన చెట్ల కింద, ఎత్తైన గోడల పక్కన ఆ తేడా పెరుగుతుంది, బాణం అటూ ఇటూ గెంతుతుంది. పిల్లలు బాణం చెప్పినట్టే తిరిగి తిరిగి విసిగిపోతారు. పది మీటర్ల దూరంలోకి రాగానే ఫోన్ జేబులో పెట్టేసి, 'ఇక్కడ వింతగా ఉన్నది ఏంటో చెప్పు' అని అడుగుతాను. ఒకే చోట పోగేసినట్టున్న రాళ్లు, ఆరిపోయిన బెరడు ముక్క, బెంచీ కింద నల్లటిదేదో, ఇవి నాకంటే ముందు మా పాపకే కనపడతాయి, తన కళ్లు ఆ ఎత్తులోనే ఉంటాయి కదా. మరీ దొరక్కపోతే పేజీలో సూచన ఉంటుంది. నేను దాన్ని నాలో చదువుకుని పాపకి సగమే చెప్తాను. తను కనిపెట్టానన్న ఆనందం తనకే దక్కాలి.

చెయ్యి పెట్టే ముందు మాత్రం పెద్దవాళ్లే ఉండాలి. చెట్టు తొర్రలో, రాళ్ల సందులో పురుగులు, పాములు, పగిలిన గాజు, ఏవైనా ఉండొచ్చు. ముందు నేను కర్రతో కదిపి, కళ్లతో చూసి, ఆ తర్వాతే పాప చెయ్యి. వేళ్లు బయటికి కనపడని బూట్లు, ఫుల్ ప్యాంటు తప్పనిసరి. ఇంకొకటి చాలామంది గమనించరు, పిల్లలు నిధి సంచీ అని మెళ్లో వేలాడేసుకుంటారు, కొందరు ఈల కట్టిన తాడు వేసుకుంటారు. జారుడు బండ, నిచ్చెన ఎక్కే ముందు అవన్నీ తీయించెయ్యాలి, టోపీ తాళ్లు కూడా. పట్టీ ఎక్కడైనా చిక్కుకుంటే మెడకి బిగుసుకుంటుంది. ఎండలో ఉన్న ఇనుప జారుడు బండని అరచేత్తో ముట్టి చూడకుండా ఎక్కించొద్దు.

మూత తీశాక ఉండే సంతోషం గురించి ఎంత రాసినా తక్కువే. ఆట నియమం ఏంటంటే, ఏదైనా తీసుకుంటే దానికి సమానమైనదో అంతకంటే మంచిదో పెట్టాలి. మేం చిన్న కార్లు, కొత్త రబ్బర్లు, గవ్వలు, స్టిక్కర్ల కట్టలు ఒక కవర్లో పెట్టుకుని వెళ్తాం. గోలీల్లాంటివి పెట్టం, మూడేళ్ల లోపు పిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతులో అడ్డం పడతాయి. ఏం తీసుకోవాలో, బదులు ఏం ఇవ్వాలో పాపే తేల్చుకోవాలి. తనకిష్టమైన కారు ఇవ్వడానికి చాలాసేపు ఆలోచించి, చివరికి ఇచ్చి, 'తర్వాత వచ్చే పాప ఆడుకుంటుంది' అంది. ఇచ్చిపుచ్చుకోవడం గురించి నేనెన్ని మాటలు చెప్పినా అంత లోతుగా దిగేది కాదు.

ఒక్కోసారి నంబరు చెక్కిన చిన్న లోహపు బిళ్ల కట్టిన బొమ్మలు ఉంటాయి, వాటిని ట్రాకబుల్స్ అంటారు. అవి ఉంచేసుకోకూడదు, ఇంకో డబ్బాకి చేర్చాలి, ఆ నంబరు సైట్లో కొడితే అది ఇప్పటిదాకా ఎక్కడెక్కడ తిరిగిందో మ్యాప్‌లో కనిపిస్తుంది. దాన్ని వదలాలంటే పిల్లలకి మొదట బాధగా ఉంటుంది, డబ్బా తెరవకముందే చెప్పి ఉంచండి. కానీ మనం చేర్చిన బొమ్మ తర్వాత ఇంకో ఊరు, ఇంకో దేశం దాటితే దాని గీత మ్యాప్ మీద చూపించండి, అంతకంటే మంచి భూగోళ పాఠం నాకు తెలీదు.

యాప్ మాటకొస్తే, ఉచిత ఖాతాతో మొదలుపెట్టొచ్చు, తేలికైన మామూలు డబ్బాలు చాలానే కనపడతాయి. కొన్ని డబ్బాలు ప్రీమియం సభ్యులకి మాత్రమే. ఆఫ్‌లైన్ జాబితాలు, రకరకాలుగా వడపోసే ఫిల్టర్లు కూడా ప్రీమియంలోనే. సైజునీ, నక్షత్రాల్నీ బట్టి ఏరుకోవడం చిన్నపిల్లలున్నవాళ్లకే ఎక్కువ అవసరం, అది డబ్బు కట్టినవాళ్లకే సులువుగా దొరకడం నాకు నచ్చలేదు. ఉచితంగా చేసేవాళ్లు ఒక్కో డబ్బా తెరిచి చూసుకోవాలి, అది ముందురోజు రాత్రి పిల్లలు పడుకున్నాక చేసుకుంటే సరిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే సీ-జియో అనే ఓపెన్‌సోర్స్ యాప్ కూడా చూడండి. అందులో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్ పెట్టుకోవచ్చు, ఆ మ్యాప్‌లో పిల్లల పార్కులు కూడా గుర్తించి ఉంటాయి కాబట్టి డబ్బా, పార్కు రెండూ పక్కపక్కనే ఉన్నచోటు ఒక్క చూపులో దొరుకుతుంది. నాకు ప్లాన్ వేసుకోవడానికి ఇదే ఎక్కువ ఉపయోగపడింది. అడ్వెంచర్ ల్యాబ్ అని ఇంకో యాప్ ఉంది, చోటు దగ్గరికెళ్లి ప్రశ్నకి జవాబు చెప్పాలి, డబ్బా ఉండదు. చదవడం వచ్చిన పిల్లలకి బాగుంటుంది గానీ నాలుగేళ్లవాళ్లకి చేతికి ఏదో ఒకటి అందాలి. పజిల్ విప్పితే తప్ప చోటు తెలియని మిస్టరీ రకం, ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వెళ్తూ వెతికే మల్టీ రకం కూడా ఇప్పుడే వద్దు.

పిల్లలతో వెళ్లినప్పుడు మనసు చివుక్కుమనేది మూత సరిగ్గా పెట్టని డబ్బాలు. వర్షం నీళ్లు లోపలికి చేరి కాగితం ముద్దై, బొమ్మలు బూజు పట్టి ఉంటాయి. అలాంటివాటిని మా పాపని ముట్టుకోనివ్వను, సైట్లో డబ్బా పెట్టినవాళ్లకి తెలిసేలా రాస్తాను. వాళ్లు జీతం తీసుకుని చేసేవాళ్లు కాదు, ఆట మీద ఇష్టంతో పెట్టేవాళ్లు, కాబట్టి మర్యాదగా రాయండి. మూత బిగించి, ముందున్నట్టే ఆకులు కప్పి పెట్టడం మాత్రం పాపకే అప్పజెప్పాను, చాలా శ్రద్ధగా చేస్తుంది.

ఇప్పుడు తనే ఒక డబ్బా దాచాలంటోంది. దానికీ నియమాలున్నాయి, ఇంకో డబ్బాకి కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి, స్థలం వాళ్లు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప మట్టి తవ్వి పాతిపెట్టకూడదు, స్థలం ఎవరిదో వాళ్ల అనుమతి కావాలి, తర్వాత అప్పుడప్పుడూ వెళ్లి చూసుకోవాలి, పైగా స్వచ్ఛంద సమీక్షకులు పరిశీలించాకే సైట్లోకి వస్తుంది. మేం మొదట అనుకున్న చెట్టుకి దగ్గర్లోనే ఒకటి ఉంది. ఇంకోచోటు చూసి పార్కువాళ్లని అడిగాం. జవాబు ఇంకా రాలేదు గానీ, లోపల పెట్టాల్సిన బొమ్మలు మాత్రం మా పాప అప్పుడే ఏరి పెట్టేసింది.