కేంబ్రిడ్జిలో మోనే వసంతం, విల్సన్ మంచు

కేంబ్రిడ్జి చూడటానికి వచ్చే మనవాళ్లు చాలావరకు లండన్ నుంచి పొద్దున బయలుదేరి, కింగ్స్ కాలేజీ ప్రార్థనా మందిరం చూసి, క్యామ్ నదిలో పడవెక్కి, చీకటి పడేలోగా వెనక్కి వెళ్లిపోతారు. ఆ రెండింటికీ డబ్బు గట్టిగానే అవుతుంది. అదే ఊళ్లో టిక్కెట్టు లేకుండా చూడగలిగే రెండు మ్యూజియాలు పది నిమిషాల నడక దూరంలో ఉన్నాయి. ఒకటి ఫిట్జ్‌విలియం, రెండోది స్కాట్ ధ్రువ పరిశోధనా సంస్థలోని పోలార్ మ్యూజియం. ఈ రెండింటి కోసమే ఒక రాత్రి అక్కడ ఉండవచ్చని మా అమ్మతో కలిసి ఏప్రిల్‌లో వెళ్లివచ్చాక గట్టిగా చెప్పగలను.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి వేగంగా వెళ్లే రైలు గంటలోపే చేరుస్తుంది. లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి వెళ్లేది అంతకన్నా నెమ్మది. స్టేషను ఊరి నడిబొడ్డున ఉండదు. సామాను తక్కువైతే నడిచి వెళ్లవచ్చు, దారంతా చదునే. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు బస్సెక్కడం మేలు.

బస విషయంలో కాస్త ఆలోచించాలి. మొదటి రాత్రి స్టేషను దగ్గరి ఒక హోటల్లో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ హీటరు పనిచేయలేదు. ఇద్దరు మనుషులు వచ్చి చూసి, చివరికి అదనంగా ఒక దుప్పటి ఇచ్చి వెళ్లారు. ఏప్రిల్లో ఇంగ్లండు రాత్రి చలి మన జనవరి చలి లాంటిది కాదు. మర్నాడు ఒక కాలేజీ గదికి మారాం. విద్యార్థులు సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు చాలా కాలేజీలు తమ గదులను యాత్రికులకు అద్దెకిస్తాయి. మంచం సన్నగా ఉంటుంది, లిఫ్టు లేదు, స్నానాల గది పక్కవారితో పంచుకోవాలి. అయినా కిటికీ తెరిస్తే పచ్చిక, పూత పట్టిన చెట్లు కనిపిస్తాయి. పొద్దున పెద్ద భోజనశాలలో పొడవాటి బల్లల దగ్గర కూర్చుని పుట్టగొడుగులు, చిక్కుళ్లు, రొట్టె తినవచ్చు కాబట్టి శాకాహారులకు ఇబ్బంది లేదు. గేటు దగ్గరి పోర్టరు అమ్మ మెట్లెక్కడం చూసి, అడగకుండానే మా పెట్టె పైకి మోసుకొచ్చాడు. పెద్దవాళ్లతో వెళ్లేవారు కింది అంతస్తు గది కావాలని ముందే రాయాలి. నా లెక్కలో హోటల్ కన్నా ఇదే మేలు.

ఫిట్జ్‌విలియం ట్రంపింగ్టన్ స్ట్రీట్‌లో ఉంది. 1816లో విస్కౌంట్ ఫిట్జ్‌విలియం తన సేకరణనూ డబ్బునూ విశ్వవిద్యాలయానికి రాసి ఇవ్వడంతో ఇది మొదలైంది. ముందున్న స్తంభాలూ మెట్లూ చూసి అమ్మ వెనకడుగు వేసింది కానీ, పక్కనుంచి మెట్లు లేని దారి ఉంది. లోపల చూడవలసినవి లెక్కలేనన్ని. మేము మాత్రం సూటిగా ఫ్రెంచి చిత్రకారుడు మోనే బొమ్మ దగ్గరికి వెళ్లాం.

ఆ చిత్రం పేరు 'వసంతం'. 1886లో, ఫ్రాన్సులో మోనే ఉండిన జివెర్నీ అనే ఊళ్లో వేసింది. పూసిన చెట్ల కింద పచ్చికలో ఇద్దరు కూర్చుని ఉంటారు. ఒకరు మోనే కొడుకు జాన్, మరొకరు తర్వాత ఆయన భార్య అయిన ఆలిస్ కూతురు సుజాన్. వాళ్ల ముఖాలు వెతికితే దొరకవు. బట్టల మీద, గడ్డి మీద, కొమ్మల మీద ఒకే వెలుతురు చిన్న చిన్న గీతలుగా పడి ఉంటుంది. దగ్గరికి వెళితే గులాబీ, ఊదా, లేత ఆకుపచ్చ గీతలు మాత్రమే. నాలుగడుగులు వెనక్కి వేస్తే గాలి ఆడుతున్న తోట. అమ్మ చాలాసేపు చూసి, "పువ్వులు వేయలేదురా, పువ్వుల మీది ఎండ వేశాడు" అంది. గదిలో బల్ల ఉంది, కూర్చుని చూడవచ్చు. ఆ సౌకర్యం చిన్నదేమీ కాదు.

మోనేకు జపాను చెక్క అచ్చు బొమ్మలంటే ప్రాణం. జివెర్నీ ఇంట్లో గోడల నిండా వాటినే తగిలించుకున్నాడు. ఫిట్జ్‌విలియం సేకరణలోనూ ఆ అచ్చు బొమ్మలున్నాయి కానీ, కాగితం మీది రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి కనుక అన్ని వేళలా బయట ఉంచరు. జపాను సంగతి గుర్తుంచుకోండి, తర్వాతి మ్యూజియంలో అది అవసరమవుతుంది.

ఆకలేస్తే అదే వీధిలో ఫిట్జ్‌బిల్లీస్ అనే పాత బేకరీ ఉంది, 1920లో మొదలైంది. పాకం కారే చెల్సీ బన్ను దాని ప్రత్యేకత. చాలా తీపి, ఒకటి ఇద్దరికి సరిపోతుంది. మధ్యాహ్నం వరుస పొడవుగా ఉంటుంది. అన్నం లేకపోతే గడవదనుకునేవారు మిల్ రోడ్డు వైపు వెళ్లాలి. మన దినుసులు దొరికే అంగళ్లు అక్కడున్నాయి.

లెన్స్‌ఫీల్డ్ రోడ్డులోని పోలార్ మ్యూజియం భవనం 1934 నాటిది. కట్టిన శిల్పి హెర్బర్ట్ బేకర్. న్యూఢిల్లీలో సచివాలయ భవనాలు రూపొందించినది ఈయనే. లోపల అడుగు పెట్టగానే తల పైకెత్తండి. రెండు చిన్న గుమ్మటాల లోపలి భాగంలో మాక్‌డొనాల్డ్ గిల్ వేసిన ఉత్తర, దక్షిణ ధ్రువాల పటాలున్నాయి. వాటి మీద అన్వేషకుల ఓడలు తేలుతుంటాయి. చాలామంది టోపీ తీస్తూ, గొడుగు మడుస్తూ అవి చూడకుండానే లోపలికి వెళ్లిపోవడం చూశాను.

దక్షిణ ధ్రువానికి బయలుదేరిన ఆంగ్లేయ అన్వేషకుడు స్కాట్ బృందంలో భూగర్భ శాస్త్రవేత్తగా వెళ్లిన ఫ్రాంక్ డెబెన్‌హామ్ 1920లో ఈ సంస్థను స్థాపించాడు. స్కాట్ బృందం 1912 జనవరి 17న దక్షిణ ధ్రువం చేరేసరికి నార్వే అన్వేషకుడు ఆముండ్సెన్ అక్కడికి వచ్చి నెలరోజులు దాటింది. తిరుగుదారిలో స్కాట్, విల్సన్, బౌయర్స్, ఓట్స్, ఎడ్గర్ ఎవాన్స్ ఐదుగురూ చనిపోయారు. ఓట్స్ పడుకున్న జింకతోలు సంచి ఇక్కడుంది. 'నా వితంతువుకు' అంటూ స్కాట్ భార్యకు రాసిన చివరి ఉత్తరం ఈ సంస్థ దగ్గరే ఉంది. అమ్మకు నేను ఆ ఉత్తరం గురించి చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను.

నేను వెళ్లింది మాత్రం బొమ్మల కోసం. ఎడ్వర్డ్ విల్సన్ ఆ యాత్రకు శాస్త్రబృంద నాయకుడు, వృత్తిరీత్యా డాక్టరు, కేంబ్రిడ్జిలోనే గాన్విల్ అండ్ కీస్ కాలేజీలో చదివాడు. చిత్రకళ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, రస్కిన్ రాతలు చదివి, టర్నర్ చిత్రాలు చూసి తనే పట్టుకున్నాడు. అంటార్కిటికాలో బయట కూర్చుని నీటి రంగులు వేయడం కుదరదు, నీరు గడ్డకడుతుంది. అందుకని చేతి తొడుగు తీసి, వేళ్లు మొద్దుబారేలోగా పెన్సిలుతో గీతలు గీసి, ఎక్కడ ఏ రంగు ఉందో మాటల్లో రాసుకునేవాడు. గుడిసెకు తిరిగి వచ్చాక దీపం వెలుగులో ఆ మాటలు చూస్తూ రంగులు అద్దేవాడు. మోనే ఎండలో నిలబడి ఎండను పట్టుకున్నాడు. విల్సన్ జ్ఞాపకంలోంచి దాన్ని మళ్లీ తీసుకురావలసి వచ్చింది. సూర్యుడి చుట్టూ వలయాలు, పక్కన వెలిగే దొంగ సూర్యుళ్లు, నారింజ రంగు మంచు అతని బొమ్మల్లో ఎంత నిఖార్సుగా ఉంటాయో దగ్గరగా నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

దానికి అతను చెల్లించిన మూల్యం తక్కువ కాదు. 1902 డిసెంబరులో, స్కాట్ వెంట అంతకుముందు వెళ్లిన మొదటి యాత్రలో, బొమ్మలు గీస్తూ ఉండిపోయి మంచు వెలుగుకు కళ్లు పోయినంత పనైంది. నొప్పితో కళ్లకు గంతలు కట్టుకుని మంచుబండి లాగాడు.

ఫొటోలు ఆ యాత్రకు ఫొటోగ్రాఫరుగా వెళ్లిన హెర్బర్ట్ పాంటింగ్‌వి. అతని గాజు పలకల నెగెటివ్‌లను ఈ సంస్థ 2004లో కొన్నది. మంచుకొండ గుహలోంచి దూరంగా స్కాట్ బృందం ఓడ టెర్రా నోవా కనిపించే 1911 జనవరి నాటి ఫొటో మీలో చాలామంది ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. అంటార్కిటికాకు రాకముందు పాంటింగ్ జపానులో ఏళ్లపాటు తిరిగాడు. 1911 ఏప్రిల్ చివర్లో, అంటార్కిటికాలో బృందం బస చేసిన కేప్ ఎవాన్స్ గుడిసెకు సూర్యుడు కనుమరుగయ్యాడు, ఆగస్టు చివరిదాకా రాలేదు. ఆ చీకటి నడుమ మే 29న పాంటింగ్ స్లైడ్లు చూపే లాంతరు పెట్టి తాను తీసిన జపాను చిత్రాలు చూపించాడు. చెర్రీ పూల పండుగలు, ఐరిస్ తోటలు, చేమంతులు, తామర కొలనులు. ఆ సాయంత్రం గురించి స్కాట్ తన దినచర్యలో ఎంతో ఇష్టంగా రాసుకున్నాడు. అప్పుడే ఫిట్జ్‌విలియంలో పూసిన తోట చూసి వచ్చి, ఆ గుడిసె ఫొటో ముందు ఈ సంగతి తలచుకుంటే, చీకట్లో బల్ల చుట్టూ చేరిన ఆ మనుషులు వసంతం కోసం ఎంత ఎదురుచూసి ఉంటారో అర్థమైంది. ఆ వసంతం ముగుస్తుండగానే, నవంబరు 1న, స్కాట్ ధ్రువం దారి పట్టాడు. ఐదుగురికి అదే ఆఖరి వసంతం.

మ్యూజియం చిన్నది. కాగితం మీది బొమ్మల్లో ఒకేసారి కొన్నే బయట ఉంటాయి, వెలుతురు కూడా తగ్గించి ఉంచుతారు. తినడానికి ఏమీ దొరకదు, కూర్చునే చోటు తక్కువ. ఆముండ్సెన్‌కు ఇచ్చిన చోటు చాలలేదని నాకనిపించింది. కానీ అక్కడి సిబ్బంది ప్రశ్న అడిగితే పని ఆపి మరీ చెబుతారు. ఏ చిత్రాలు బయట ఉన్నాయో ముందుగా అడిగినా విసుక్కోరు. అమ్మ ఎక్కువసేపు నిలబడింది ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజల దుస్తుల దగ్గర. "వీళ్లను అడిగి ఉంటే అంతమంది పోయేవాళ్లు కాదేమో" అంది. నిజానికి ఆముండ్సెన్ ఆ పనే చేశాడు.

విల్సన్ ధ్రువానికి తీసుకెళ్లిన కాలేజీ జెండా కీస్ భోజనశాలలో ఉంది కానీ, అక్కడికి బయటివారిని అన్ని వేళలా రానివ్వరు. గేటు దగ్గర మర్యాదగా అడగడమే మార్గం, మాకు వీలుపడలేదు. దగ్గర్లోని సెయింట్ జాన్స్ కాలేజీ మీదుగా వెళ్లాం. కట్టమంచి రామలింగారెడ్డి చదివింది అక్కడే అని చెబితే అమ్మ గేటు ముందు ఆగి ఫొటో తీయమంది.

వెళ్లేవారు వారం మధ్యలో వెళ్లండి. పోలార్ మ్యూజియం ఆది, సోమవారాల్లో మూసి ఉంటుంది, మిగతా రోజుల్లోనూ సాయంత్రం నాలుగుకే తలుపులు వేస్తారు. ఫిట్జ్‌విలియం సోమవారం ఉండదు, మిగతా రోజుల్లో ఐదు దాకా తెరిచి ఉంటుంది. అయినా పొద్దునే మోనే దగ్గరికి వెళ్లి, తర్వాత విల్సన్ దగ్గరికి రండి. పడవ మిగిలిపోతే మిగిలిపోనివ్వండి.