లీడ్ ట్రంపెట్‌కి షిల్కీ 14ఎ4ఎ: నలుగురి సెక్షన్‌లో చాలాకాలం వాడాక

బిగ్ బ్యాండ్‌లో నాలుగు ట్రంపెట్ల సెక్షన్‌లో ఈ మౌత్‌పీస్‌ని (ట్రంపెట్‌కి తగిలించి పెదవులు ఆనించే భాగం) ఏళ్ల తరబడి వాడాక చెబుతున్నాను: లీడ్ (పై స్వరాలతో సెక్షన్‌ని నడిపించే మొదటి ట్రంపెట్) వాయించేవారికి కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు, మిగతా ముగ్గురికీ (సెకండ్, థర్డ్, ఫోర్త్) వద్దు.

పేరులోని 14 కప్ వ్యాసానికి గుర్తు. మొదటి ఎ అంటే బాగా తక్కువ లోతున్న కప్, 4 అంటే కాస్త చదునైన రిమ్, చివరి ఎ అంటే ఇరుకైన బ్యాక్‌బోర్ (కప్ తర్వాత గాలి వెళ్లే దారి). లోతు తగ్గి దారి ఇరుకైతే నాదంలో పై హార్మోనిక్స్ (మూల స్వరంతో కలిసి మోగే పై స్వరాలు) బలపడతాయి. అందుకే అంత పదును. ఇది రేంజ్‌ని పెంచదు. ఇంతకుముందు పలకని స్వరం దీంతోనూ పలకదు. పలికే స్వరం మాత్రం తక్కువ శ్రమతో పలుకుతుంది. అలసిన పెదవుల్ని గట్టిగా నొక్కితే అవి కప్ అడుగుకి తగిలి శబ్దం తెగిపోతుంది. కింది స్వరాలు పలచబడతాయి.

చిక్కంతా బ్యాలెన్స్ దగ్గర మొదలవుతుంది. పైస్థాయి పదునైన స్వరాన్ని చెవి ముందుగా పట్టుకుంటుంది కాబట్టి నలుగురూ ఒకే బలంతో ఊదితే లీడ్ ఒక్కటే వినిపిస్తుంది. లీడ్‌ని తగ్గమనడం కన్నా కింది నుంచి కట్టుకురావడం మేలు. నిలిపి వాయించే కార్డ్‌ని (ఒకేసారి మోగే స్వరాల కూర్పు) ఫోర్త్ మొదలుపెట్టాలి, తర్వాత థర్డ్, సెకండ్ చేరాలి, లీడ్ చివర్లో వచ్చి పైన కూర్చోవాలి. ఇప్పుడు లీడ్‌ని ఆపి చూడండి. మిగిలిన మూడు స్వరాలు నిండుగా నిలవకపోతే కింద బలం చాలలేదన్నమాట. లీడ్ స్వరాన్నే ఒక ఆక్టేవ్ కింద వాయించే చోట ఫోర్త్ మొహమాటపడకూడదు, లీడ్‌కి ఆనుకునే నేల అదే. సెకండ్ బలంలో లీడ్ కన్నా ఒక మెట్టు తగ్గి ఉండాలి, యూనిసన్‌లో (అందరూ ఒకే స్వరం వాయించేచోట) మాత్రం సమానం. వైబ్రాటో లీడ్‌దే; స్వరం ఎక్కడ ఆపాలో కూడా లీడ్ చెప్పినట్టే.

శ్రుతి కలవకపోతే ఎంత ఊదినా బలం రాదు. మేజర్ థర్డ్ స్వరం (ఇక్కడ థర్డ్ అంటే కార్డ్ మూల స్వరం నుంచి మూడోది, మూడో ట్రంపెట్ కాదు) వాయించేవారు ట్యూనర్ మధ్య గీత కన్నా దాదాపు 14 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) కింద ఉండాలి, మైనర్ థర్డ్ అయితే 16 సెంట్లు పైన. వాల్వ్‌లు నొక్కకుండా పలికే పై 'ఈ' (E) స్వరం సహజంగానే ఆ మేరకు తక్కువ. సి కార్డ్‌లో (అక్కడ 'ఈ' మేజర్ థర్డ్) దాన్ని పెదవితో పైకి లాగితే చెడుతుంది.

తక్కువ లోతున్న కప్ శ్రుతిని కొద్దిగా పైకి జరుపుతుంది, స్ట్రెయిట్ మ్యూట్ (బెల్‌లో, అంటే ట్రంపెట్ వెడల్పాటి నోట్లో, పెట్టి శబ్దాన్ని మార్చే బిరడా) పెడితే ఇంకాస్త. ట్యూనింగ్ స్లైడ్‌ని 1 మి.మీ. లాగితే గొట్టం రెండు వైపులా కలిసి 2 మి.మీ. పెరుగుతుంది కాబట్టి సుమారు 2 సెంట్లు దిగుతుంది. 10 సెంట్లకి 4 నుంచి 5 మి.మీ. లాగాలి. మ్యూట్‌లు నలుగురివీ ఒకే పదార్థానివి కావాలి. ఒకరిది అల్యూమినియం, ఇంకొకరిది ఫైబర్ అయితే బ్యాలెన్స్ మళ్లీ మొదటికే వస్తుంది.

సెకండ్‌కీ 14ఎ4ఎ పెడితే సెక్షన్ గట్టిగా వినిపిస్తున్నట్టే ఉంటుంది, కానీ కార్డ్‌లో నిండుదనం ఉండదు. సెకండ్‌కీ థర్డ్‌కీ బాక్ 3సి (బాక్ కంపెనీ మౌత్‌పీస్), ఫోర్త్‌కి 17 మి.మీ. వ్యాసమున్న బాక్ 1½సి పెట్టిన అమరికే బాగా నిలిచింది. బెల్‌లు మ్యూజిక్ స్టాండ్ అంచుకి పైనుంచి చూడాలి. స్టాండ్ వెనక దాగిన బెల్ నుంచి ముందుగా పోయేది పదునే, అది సెకండ్‌దైతే లీడ్‌కి పక్కనుంచి అందే ఊతం తగ్గిపోతుంది.