ఊపిరి నిండిపోయే మౌత్ ఆర్గాన్

హోనర్ కంపెనీ మౌత్ ఆర్గాన్ స్పెషల్ 20 గురించి తెలియనిదేముంది! పది రంధ్రాలు, గాలికి కంపించి పలికే ఇత్తడి రేకులు (రీడ్లు), మధ్యలో గాలి దారులుండే ప్లాస్టిక్ చట్రం (కోంబ్). కొనేవాళ్లు ఇవన్నీ చదువుకునే కొంటారు. ఇన్నేళ్లయినా నాకు దాని మీద మోజు తీరకపోవడానికి కారణం ఒక్కటే, గాలి ఎక్కడా లీకవదు. పీల్చిందంతా రీడ్‌కే పోతుంది.

దీనికి ముందు నా దగ్గర చెక్క కోంబ్‌ది ఒకటుండేది. కంపెనీ పేరెందుకు లెండి. ఉమ్మి తడికి చెక్క ఉబ్బేది, మన వరంగల్ ఎండకు మళ్లీ కుంచించుకుపోయేది. ఏడాది తిరిగేసరికి రీడ్ పలకల సందుల్లోంచి గాలి పోవడం మొదలైంది. రెండో రంధ్రంలో పీలిస్తే స్వరం కన్నా బుస్సుమనే చప్పుడే ఎక్కువ. మెల్లగా వాయిస్తే పలకదు, గట్టిగా వాయిస్తే అమ్మ వంటింట్లోంచి "గా పీకుడు ఇంక బంజెయ్‌రా" అని అరిచేది. స్పెషల్ 20లో రీడ్ పలకలు ప్లాస్టిక్ లోపలికి కూర్చుని ఉంటాయి. తెచ్చిన రోజు రాత్రి, అందరూ పడుకున్నాక, గుసగుసలాడినంత గాలితో పీల్చినా నాలుగో రంధ్రం సన్నగా, వణుకు లేకుండా పలికింది. నున్నగా వాయించడమంటే ఇదేననుకున్నాను.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. అమెరికా నల్లజాతి వాళ్ల సంగీతం బ్లూస్‌లో నిదానమైనది ఎత్తుకుంటే, దాని ఒక చుట్టుకు ఉండే పన్నెండు బార్లు (తాళం ఆవర్తాలు) పూర్తయ్యేలోపే గొంతుదాకా బిగుసుకుపోయి ఆగిపోయేవాణ్ణి. అది మిర్చి సీజన్. ఎనుమాముల మార్కెట్ వైపు నుంచి గాలి మళ్లితే మా వీధి వీధంతా దగ్గుతుంది. ఆ ఘాటుకే ఊపిరి చాలడం లేదని ఇంట్లో అందరూ తేల్చేశారు. మా బంధువుల పెళ్లిలో సన్నాయి వాయించడానికి వచ్చిన పెద్దాయన మాత్రం భోజనాల దగ్గర నా వాయింపు కాసేపు విని, "గాలి తక్కువైతలేదు తమ్మీ, ఎక్కువైతున్నది. ముందుగాల లోపలిది ఇడువు" అన్నాడు. సన్నాయి పీకలోంచి పోయే గాలి చాలా తక్కువట. గుండెల్లో గాలి అయిపోకముందే అది పాడైపోయి ఉక్కిరిబిక్కిరి అవుతుందట. పాత గాలి వదిలాకే కొత్తది పీల్చాలన్నాడు.

ఇంటికొచ్చి చూసుకుంటే నిజమే. బ్లూస్‌లో సి కీ మౌత్ ఆర్గాన్‌ను జి శ్రుతిలో వాయిస్తాం. ఆ జి కార్డ్‌లో (కలిపి పలికే స్వరాల గుంపులో) మనకు కావలసిన స్వరాలన్నీ ఒకటి నుంచి ఐదో రంధ్రం దాకా పీల్చేవైపే ఉన్నాయి. నాలుగు బార్లూ పీలుస్తూ పోతే ఊపిరితిత్తులు కుండలా నిండిపోక ఏం చేస్తాయి? ఐదు, ఆరు బార్లలో సి కార్డ్ వస్తుంది, అది ఊదేది. పదో బార్‌లో మళ్లీ వస్తుంది. గాలి వదలడానికి పాటలోనే చోటుందన్నమాట. ఇంకో ఉపాయం, రెండో రంధ్రం పీలిస్తే వచ్చే జి మూడో రంధ్రం ఊదినా వస్తుంది. బెండ్ (స్వరాన్ని కిందికి వంచడం) అక్కర్లేని చోట మూడోది ఊదేస్తే చాలు. మిగిలింది స్వరాల మధ్య సందుల్లో ముక్కుతో వదలాలి. బెండ్ చేస్తున్నప్పుడు మాత్రం ముక్కులోంచి గాలి పోకూడదు, పోతే స్వరం చప్పబడుతుంది.

అమెరికా మౌత్ ఆర్గాన్ వాద్యకారుడు డిఫోర్డ్ బెయిలీ 1927లోనే రైలు చప్పుళ్లు వాయించి రికార్డు చేశాడు. మౌత్ ఆర్గాన్ నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ ఆ రైలు లయే సాధన చేస్తారు. పీల్చు, ఊదు, పీల్చు, ఊదు అంటూ పొట్టతో. మాకు కాజీపేట పక్కనే గానీ ఇప్పటి కరెంటు ఇంజన్లకు ఆ ఛుక్‌ఛుక్ ఎక్కడిది? లయ మనమే మనసులో పెట్టుకోవాలి.

మొదట్లో అందరికీ చెప్పుకుని తిరిగానే, స్పెషల్ 20 వల్లే నా వాయింపు నున్నబడిందని, దాన్ని ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. మొన్న ఒక స్నేహితుడి చవక మౌత్ ఆర్గాన్ తీసుకుని వాయించాను. గాలి కారుతూనే ఉంది, అయినా ఐదో బార్ దగ్గర తేలిగ్గా ఊపిరి వదిలి ముందుకెళ్లగలిగాను. గాలి కారని వాయిద్యంలో ఎంత తక్కువ గాలి సరిపోతుందో తెలిసింది, అంతవరకు దాని పుణ్యమే. మిగతాది సన్నాయి పెద్దాయనది.

నేను పొద్దున పూట ఇంట్లోనే, పక్కింటికి వినిపించనంత మెల్లగా వాయించుకునేవాణ్ణి కాబట్టి నాకిది సరిపోయింది. స్టేజీ మీద మైకు పట్టుకుని వాయించేవాళ్ల లెక్క వేరు. సినిమా పాటలకే అయితే రెండేసి రీడ్లు కలిసి పలికే ట్రెమోలో తీసుకోండి, దీనితో కుస్తీ ఎందుకు? బ్లూస్‌కే అయితే సి కీతో మొదలుపెట్టండి. జి కీ మీద నాకూ ఆశ ఉంది గానీ, దాని కింది రీడ్లు నిదానంగా కదులుతాయి, తొందరపడి పీలిస్తే మొరాయిస్తాయి. మిర్చి సీజన్ పోయాక చూస్తాను.