క్వార్టైల్, క్వింటైల్, పర్సెంటైల్: ఏది మేలు?

వరుసలో పెట్టిన అంకెలను క్వార్టైల్ నాలుగు, క్వింటైల్ ఐదు, పర్సెంటైల్ నూరు సమభాగాలు చేస్తుంది. సమభాగాలు అనగానే స్కేలు పెట్టి కోసిన ముక్కలే గుర్తుకొస్తాయి. ఇక్కడ సమానంగా ఉండేది ముక్క పొడవు కాదు, అందులో పడే తలల లెక్క. పన్నెండు మంది మార్కులు వరుసలో పెడదాం: 21, 34, 38, 41, 45, 47, 52, 55, 58, 63, 71, 94. భాగాలను విడదీసే క్వార్టైల్ గీతలు 39.5, 49.5, 60.5 దగ్గర పడతాయి. ప్రతి భాగంలోనూ ముగ్గురే. కానీ రెండో భాగం 41 నుంచి 47 వరకు ఇరుకుగా ఉంటే, చివరిది 63 నుంచి 94 దాకా సాగింది. మార్కులు ఎక్కడ గుమిగూడాయో ఆ ఇరుకే చెబుతుంది.

లాటిన్‌లో క్వార్టుస్ అంటే నాలుగోది, క్వింటుస్ అంటే ఐదోది. తమాషా ఏమిటంటే ఈ రెండు మాటలూ గణాంకశాస్త్రం కంటే ముందు జ్యోతిషానివి: గ్రహాల మధ్య 90 డిగ్రీల ఎడం క్వార్టైల్, 72 డిగ్రీలది క్వింటైల్. రెండోదాన్ని ప్రవేశపెట్టినవాడు ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్! పర్సెంటైల్ 1885లో ఆంగ్ల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ వాడిన మాట.

చిన్న పట్టికకు నా ఓటు క్వార్టైల్‌కే. మూడు గీతల్లో నడిమిది మధ్యగతమే (సగం మంది కింద, సగం మంది పైన ఉండే విలువ) కాబట్టి ఒక పనికి రెండు ఫలితాలు. ఐదు భాగాలు చేస్తే ఆ సుఖం లేదు, మధ్యగతం మూడో గుంపు లోపల దాక్కుంటుంది. పైగా పన్నెండు మందిని ఐదు గుంపులకు పంచితే గుంపుకు 2.4! అయితే వేల కుటుంబాల సంపద లెక్కల్లో క్వింటైల్‌దే పైచేయి. అట్టడుగు, పైమెట్టుతో పాటు అచ్చంగా 'మధ్య' అనదగ్గ గుంపు దానికే ఉంది, క్వార్టైల్‌కు లేదు.

పర్సెంటైల్‌కు తొంభైతొమ్మిది గీతలు కావాలి. పన్నెండు మందిపై దాన్ని ప్రయోగించడం ఉత్త ఆడంబరం. లక్షల మంది రాసే పరీక్షలకు, పిల్లల ఎదుగుదల పట్టికలకు అది సరిగ్గా అతుకుతుంది. 90 పర్సెంటైల్ అంటే నూటికి తొంభై మార్కులు వచ్చాయని మురిసిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తొంభై శాతం మంది తనకంటే వెనక ఉన్నారని మాత్రమే దాని అర్థం.

ఒక చిక్కు మూడింటికీ ఉంది. 'మూడో క్వార్టైల్' అంటే గీతా, గుంపా? రెండు అర్థాల్లోనూ వాడుతున్నారు. గీత అయితే 60.5, గుంపు అయితే 52, 55, 58. పట్టిక కింద ఏది ఉద్దేశించారో రాయనివారి లెక్కను నేను రెండుసార్లు చదువుతాను.