బ్లూ టిక్ ఇప్పిస్తామనేవాళ్లకు డబ్బు కట్టకండి: మా అమ్మాయి అకౌంట్ ఇలాగే పోయింది

"టీనేజర్లకు స్పెషల్ ప్యాక్: ఫాలోవర్లు, కామెంట్లు, బ్లూ టిక్ గ్యారంటీ" అని ఇన్‌స్టాగ్రామ్‌లో మీ పిల్లలకు మెసేజ్ వస్తే, డబ్బు కట్టకముందు ఇది చదవండి. మా పదిహేనేళ్ల అమ్మాయి నాకు చెప్పకుండా కొనేసింది. అడిగితే తిడతానని భయపడిందట. తిట్టేవాడినే.

ముందు ఫాలోవర్లు వచ్చారు. ఒక్క రాత్రిలో వేలమంది, ఒక్కరికీ ముఖం లేదు. తర్వాత కామెంట్లు. వాళ్ల నాయనమ్మ పోయినప్పుడు పెట్టిన ఫొటో కింద "సూపర్ లుక్", "నైస్ పిక్" అంటూ వరసగా నలభై! ఆ స్క్రీన్‌షాట్లు క్లాసంతా తిరిగాయి. అకౌంట్ పోయినప్పటికన్నా దీనికే ఎక్కువ ఏడ్చింది.

ఇక టిక్ కోసమని ఐడీ కార్డు ఫొటో అడిగారు, పంపింది. "ఇప్పుడు ఆరంకెల కోడ్ వస్తుంది, చెప్పండి" అన్నారు. ఎవరికీ చెప్పొద్దని ఆ మెసేజ్‌లోనే ఉంది. "వాళ్లు కంపెనీవాళ్లే అనుకున్నా నాన్నా" అంటుంది. అది పాస్‌వర్డ్ మార్చే కోడ్. రెండు నిమిషాల్లో అకౌంట్ లాగౌట్ అయిపోయింది.

సాయంత్రానికి మా అమ్మాయి పేరుతో ఫ్రెండ్స్‌కి మెసేజ్‌లు: "అర్జెంట్ రా, కొంచెం డబ్బు పంపవా, ఇంట్లో చెప్పకు." పాత చాట్లు చదివి దాని మాటతీరు పట్టేశారు. ఇద్దరు పంపారు కూడా. మేం తిరిగిచ్చేశాం, కానీ అందులో ఒకమ్మాయి ఇప్పటికీ మాట్లాడట్లేదు.

అసలు మెటా వెరిఫైడ్ (ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా కంపెనీ డబ్బు తీసుకుని ఇచ్చే బ్లూ టిక్) 18 ఏళ్లు నిండినవాళ్లకే ఇస్తారు. కొనాలన్నా ఏజెంట్ అక్కర్లేదు, సొంత సెట్టింగ్స్‌లోనే కొనుక్కోవచ్చు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే మా గొడవ మొదలయ్యేదే కాదు.

దొంగలు అకౌంట్‌లోని ఈమెయిల్ మార్చేసినప్పుడు పాత అడ్రస్‌కి ఇన్‌స్టాగ్రామ్ నుంచి మెయిల్ వస్తుంది, మార్పును రద్దు చేసే లింక్ అందులోనే ఉంటుంది. మేం దాన్ని స్పామ్ అనుకుని వదిలేశాం! దొంగను నమ్మి అసలువాడిని అనుమానించాం. చివరికి హ్యాక్ అయిందని రిపోర్ట్ చేసి వీడియో సెల్ఫీ పంపితే తొమ్మిదో రోజు అకౌంట్ వచ్చింది. అందులో దాని ముఖం కనిపించే ఫొటోలు ఉండబట్టి ఆ దారి పనికొచ్చింది. ఈలోపు "మేం రికవర్ చేసిస్తాం" అని ముగ్గురు తగులుకున్నారు. ఒకడికి నేను అడ్వాన్స్ కట్టాను. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

అకౌంట్ రాగానే పాస్‌వర్డ్ మార్చి, లాగిన్ అయి ఉన్న తెలియని ఫోన్లన్నీ తీసేశాం. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లోని అథెంటికేటర్ యాప్ ఇచ్చే కోడ్ కూడా అడిగేలా టూ ఫ్యాక్టర్ పెట్టి, ఆ ఫోన్ దగ్గర లేనప్పుడు వాడే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసుకున్నాం. ఈమెయిల్‌కీ అంతే. దొంగ ఫాలోవర్లను అమ్మాయి రోజూ కొందరిని తీసేస్తోంది. ఐడీ కార్డు ఫొటోకి మాత్రం మందు లేదు. ముఖం, పుట్టిన తేదీ, స్కూలు అన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి.

మా అమ్మాయికి ప్యాక్ అమ్మిన పేజీ పేరు మార్చుకుని మళ్లీ తిరుగుతోంది, లోగో అదే. నిన్న మా అమ్మాయి క్లాస్‌మేట్‌కి మెసేజ్ వచ్చింది: "పద్దెనిమిది నిండకపోయినా పర్వాలేదు, మేం చూసుకుంటాం."