ముడతలు పోగొడతామని ఈఎంఐ పెట్టించే స్కిన్ క్లినిక్‌లతో జాగ్రత్త

హైదరాబాద్‌లో ఏ మాల్‌లోనో మెట్రో స్టేషన్ మెట్ల దగ్గరో ఒకమ్మాయి కూపన్ చేతిలో పెట్టి "ఫ్రీ స్కిన్ అనాలిసిస్ మేడమ్" అంటే, ముఖ్యంగా నలభై దాటినవాళ్ళు, ఆ కూపన్ తీసుకోకండి. నా విషయంలో ఆ ఫ్రీ 68 వేల రూపాయల అప్పు దగ్గర తేలింది. డబ్బు ఒక ఎత్తు, ముఖం ఒక ఎత్తు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి క్లినిక్ పేరు రాయడం లేదు. బోర్డు మీద పేరు మారినా లోపల పద్ధతి ఒకటే, అందుకని ఆ పద్ధతే చెబుతాను.

ముందు పెట్టెలాంటి ఒక మిషన్‌లో గడ్డం ఆనించమంటారు. లోపల లైటు వెలుగుతుంది. తర్వాత స్క్రీన్ మీద కనబడేది మన ముఖమే గానీ ఊదారంగులో, మచ్చలన్నీ పైకి తేలి, చూడ్డానికే భయమేస్తుంది. దాని కింద పెద్ద అక్షరాలతో "స్కిన్ ఏజ్ 58". నాకు 46. తర్వాత చూపించుకున్న చర్మవ్యాధుల డాక్టరుగారు చెప్పిందేంటంటే, అతినీలలోహిత కాంతిలో ఫొటో తీస్తే మామూలు కంటికి కనబడని రంగు తేడాలు కూడా బయటపడతాయట. పాతికేళ్ళ పిల్లని కూర్చోబెట్టినా ఏవో మచ్చలు తేలతాయి. ఇక ఆ వయసు అంకె ఆ సాఫ్ట్‌వేర్ వేసుకున్న సొంత లెక్క, దాన్ని చూసి ఏ డాక్టరూ వైద్యం చెయ్యరు.

అసలు బేరం అక్కడి నుంచి మొదలవుతుంది. కౌన్సిలర్ అనే ఆ అమ్మాయి మొదట అడిగింది నా చర్మం గురించి కాదు. "ఇంట్లో ఫంక్షన్ ఏమన్నా ఉందా మేడమ్?" ఉంది, మా మరిది కూతురి పెళ్ళి. "ఫొటోల్లో సార్ పక్కన మీరే పెద్దగా కనబడుతున్నారని ఎవరన్నా అన్నారా?" అనకేం? మగవాడికి జుట్టు నెరిస్తే హుందాతనం. మనకి కళ్ళ పక్కన గీత పడితే "ఏంటి వదినా అలా అయిపోయావ్, ఒంట్లో బాలేదా?" అని పరామర్శ. కూరగాయలబ్బాయి "అక్కా" మానేసి "అమ్మా" అన్న రోజు మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ముడతలు చూసుకుని దిగులుపడితే తప్పని నేననను. "ఈ వయసులో ఇంకా సోకులేంటి" అని తీసిపారేసేవాళ్ళంటేనే నాకు ఒళ్ళుమంట. ఆ మాట పడాల్సి వస్తుందనే ఇంట్లో చెప్పకుండా వెళ్తాం, చెప్పకుండా కడతాం, మోసపోయాక కూడా నోరు విప్పం. మనం నోరు విప్పమన్న ధైర్యంతోనే ఈ దుకాణాలు నడుస్తున్నాయి.

చివరికి ముడతలు పోవడానికి ప్యాకేజీ తీసుకోమంటారు. అంత డబ్బు లేదంటే "జీరో కాస్ట్ ఈఎంఐ ఉందిగా మేడమ్" అంటారు. ఆధార్, పాన్ ఫొటో తీసుకుంటారు, "రిజిస్ట్రేషన్ కోసం" అని వరసగా ఓటీపీలు అడుగుతారు. వాటిలో ఒకటి అప్పు ఒప్పందం మీద మన ఈ-సంతకం! అప్పిచ్చేది క్లినిక్ కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీ. సొమ్మంతా క్లినిక్‌కి ముందే వెళ్ళిపోతుంది. మనం సిట్టింగ్‌లు మానేసినా వాయిదా ఆగదు, వాయిదా ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. ఆర్‌బీఐ డిజిటల్ అప్పుల నిబంధనల ప్రకారం వడ్డీ, ఛార్జీలన్నీ రాసిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ముందే మన చేతికి రావాలి. అప్పు వద్దనుకుంటే వెనక్కి తగ్గడానికి ఇచ్చే కూలింగ్-ఆఫ్ గడువు లోపల అసలు, ఆ కాస్త రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా అప్పులోంచి బయటపడొచ్చు. ఆ గడువు ఒక్కరోజే కూడా ఉండొచ్చు. కాబట్టి ఎక్కడైనా ఇలా ఓటీపీ చెప్పి వచ్చి ఉంటే, ఆ రాత్రే మెసేజ్‌లూ మెయిళ్ళూ తెరిచి చూడండి. రద్దు చేయమని ఫైనాన్స్ కంపెనీకీ క్లినిక్‌కీ ఇద్దరికీ మెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పిన మాటకి రుజువుండదు.

ఇంతకన్నా ప్రమాదం వాళ్ళిచ్చే తెల్ల డబ్బా. ప్యాకేజీలో లేజరూ పీలింగూ అని ఏవేవో ఉన్నాయి గానీ, నా ముఖాన్ని పాడుచేసింది ఆ నైట్ క్రీమ్. మూత మీద క్లినిక్ స్టిక్కర్ తప్ప ఒక్క అక్షరం లేదు. ఏముంది ఇందులో అంటే "మా ఓన్ ఫార్ములా మేడమ్" అన్నారు. వారం తిరక్కుండానే ముఖం నున్నగా, తెల్లగా అయింది. పెళ్ళిలో అడగనివాళ్ళు లేరు. డబ్బా అయిపోయి మానేశాక మొదలైంది: మంట, ఎర్రదనం, ఎండలోకి అడుగుపెడితే కారం పూసినట్టు, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు, గడ్డం దగ్గర నూగు. మళ్ళీ ఆ క్రీమే రాస్తే తగ్గుతుంది, అందుకే మళ్ళీ కొంటారు. డాక్టరుగారు చూడగానే ఇవి స్టెరాయిడ్ లక్షణాలన్నారు. ఇలాంటి ముఖాలు మన దేశంలో ఎన్ని చూస్తున్నారో గానీ, చర్మ వైద్యులు దీనికి ‘టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్’ అని ప్రత్యేకంగా పేరే పెట్టుకున్నారు. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ లాంటివి ఉన్న క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన కూడా గట్టిపరిచింది.

ఇందులో ఇంకో ఘోరముంది. స్టెరాయిడ్ చర్మాన్ని పలచన చేస్తుంది, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ని తగ్గిస్తుంది. మెనోపాజ్ వచ్చిన మొదటి 5 ఏళ్ళలో మన చర్మంలో కొల్లాజెన్ ఎలాగూ 30 శాతం దాకా పోతుంది. ఉన్న కాస్తనీ ఈ డబ్బా తినేస్తుంది. అంటే ముడతలు పోవాలని డబ్బిచ్చి ముడతల్నే కొనుక్కుంటున్నామన్నమాట. లేబుల్ లేని ఫేస్ క్రీముల్లో పాదరసం ఉండే ప్రమాదమూ ఉంది. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో తెల్లబడే క్రీములు వాడినవాళ్ళకి కిడ్నీ జబ్బు వచ్చినట్టు అక్కడి డాక్టర్లు బయటపెట్టారు.

సౌందర్య సాధనమైతే తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, అందులో ఏమున్నాయో అన్నీ ప్యాక్ మీద ఉండాలి. మందైతే డాక్టరు చీటీలో మందు పేరుండాలి. ఈ రెండూ లేనిది ముఖానికి రాయకండి. బొటాక్స్ అంటే అది ప్రిస్క్రిప్షన్ మందు, పనిచేసేది మూడు నాలుగు నెలలు. ఎవరు సూది వేస్తున్నారు, ఏ కంపెనీ సీసా, ఫ్రిజ్‌లోంచి తీశారా అని అడిగే హక్కు మనకుంది. గోడ మీద పేరున్న డాక్టరు నాకు ఒక్కసారీ కనబడలేదు. చర్మవ్యాధుల్లో ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ లాంటి చదువు ఉందో లేదో, మెడికల్ కౌన్సిల్‌లో పేరుందో లేదో చూడండి. కాస్మెటాలజిస్ట్ అని రాసుకున్నంత మాత్రాన చర్మవైద్యుడైపోరు.

ముడతలకి ఏమీ లేదా అంటే, ఉంది, కాకపోతే నిదానం. ఆస్ట్రేలియాలో నాంబర్ అనే ఊళ్ళో చేసిన అధ్యయనం 2013లో అచ్చయింది. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ళ చర్మం నాలుగున్నరేళ్ళయినా మరింత ముదిరినట్టు కనబడలేదట. ట్రెటినాయిన్ క్రీమ్ కూడా ముడతలకి పనిచేస్తుంది, కానీ డాక్టరు చెబితేనే, గర్భంతో ఉన్నవాళ్ళు అసలు వద్దు. ఇవేవీ పెళ్ళి తేదీకి అందవు, అది నిజం. పెళ్ళి తేదీకి ముడతలు మాయం చేస్తామనేవాళ్ళని మాత్రం నమ్మొద్దు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళకి: నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బిల్లు మీద "నో రిఫండ్" అని ముద్ర ఉన్నా భయపడకండి. సేవలో లోపముంటే బిల్లులో చెప్పిన గడువులో, గడువేమీ లేకపోతే 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్ళలోపు కేసు వేయొచ్చు, చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సగం డబ్బిస్తాం, రివ్యూ తీసేయండి అని నాకు ఫోన్లొచ్చాయి. ఒప్పుకోలేదు. చూద్దాం.

క్రీమ్ వాడుతున్నవాళ్ళు ఉన్నపళంగా మానేయకుండా ముందు చర్మ డాక్టర్ని కలవండి. డబ్బా మాత్రం పారేయకండి, అడుగున కాస్త మిగిలున్నా సరే. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 26వ సెక్షన్ కింద, కొన్నవాళ్ళెవరైనా ఫీజు కట్టి దాన్ని ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోవచ్చు. స్టిక్కర్‌తో సహా ఫొటో తీసి, బిల్లు జతచేసి మీ జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఇవ్వండి. నేను ఇచ్చాను, రిపోర్టు రాగానే ఇక్కడే రాస్తాను.