తేదీ నిలబెట్టుకోవాలా, వాయిదా వేయాలా?

షూటర్ గేమ్ సీక్వెల్ ట్రైలర్ రాగానే అభిమానులు రిలీజ్ తేదీ పట్టుకుని కూర్చుంటారు. పని వెనకబడితే స్టూడియో ముందు రెండే దారులు: రాత్రింబవళ్లు పనిచేయించి తేదీ నిలబెట్టుకోవడం, లేదా వాయిదా.

మొదటి దారిలో మార్కెటింగ్ ఖర్చు వృథా కాదు, సీజన్ అమ్మకాలు చేజారవు. భారమంతా మనుషుల మీద పడుతుంది. అర్ధరాత్రి దాటాక తుపాకీ రీలోడ్ యానిమేషన్‌లో బగ్ సరిచేస్తే, తెల్లారేసరికి మల్టీప్లేయర్‌లో మరోటి తేలుతుంది. అలసిన కళ్లకు తప్పులు కనబడవు మరి.

వాయిదా వేస్తే అభిమానులు నాలుగు రోజులు తిట్టుకుంటారు, అంతే. అసలు దెబ్బ వ్యాపారానికి. 2020 జులైలో చూపిన హేలో ఇన్ఫినిట్ అనే షూటర్ గేమ్ గ్రాఫిక్స్‌పై విమర్శలు వెల్లువెత్తాయి. ఆ ఏడాది చివర్లో రావాల్సిన గేమ్ 2021 డిసెంబర్ 8న వచ్చింది. మైక్రోసాఫ్ట్ కొత్త గేమ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ ఆ గేమ్ లేకుండానే మార్కెట్లోకి వెళ్లాల్సి వచ్చింది.

అయినా నా ఓటు వాయిదాకే. కానీ ఓ మెలిక ఉంది. డూమ్ ఎటర్నల్ అనే షూటర్ గేమ్ రిలీజ్ 2019 నవంబర్ 22 నుంచి 2020 మార్చి 20కి జరిగింది. అప్పుడు కూడా టీమ్‌కు ఓవర్‌టైమ్ తప్పలేదని దాని ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసరే చెప్పారు. గడువుతో పాటు పని జాబితా కూడా పెరిగితే, ఆ క్రంచ్, అంటే గడువు కోసం రాత్రింబవళ్లు చేసే పని, ఇంకో నాలుగు నెలలు సాగుతుందంతే.